హాన్లేకి వెళ్ళే రోజే పౌర్ణమి పడింది, చుక్కలు నిజంగానే కనపడవా?

గోదారి_గట్టు · 20 ఆగస్టు 2024
నేనూ మా ఆవిడా సెప్టెంబర్ 14న హైదరాబాద్ నుంచి లడఖ్ బయల్దేరుతున్నాం. పెళ్ళై మూడేళ్ళు, అప్పట్లో ఆఫీసువాళ్ళు లీవు ఇవ్వలేదు కాబట్టి ఇదే హనీమూన్ అనుకోండి. ప్లాన్ ఏంటంటే లేహ్‌లో ఒక రోజు, షామ్ వ్యాలీలో రెండు రోజులు నడక, ఆ తర్వాత హాన్లేలో 17, 18 రెండు రాత్రులు చుక్కలు చూడ్డానికి. ఫ్లైటు టికెట్లు, టాక్సీ అడ్వాన్సు అన్నీ అయిపోయాయి. నిన్న రాఖీ కట్టడానికి వచ్చిన మా చెల్లెలు గోడ మీద క్యాలెండర్ చూసి అన్నయ్యా 18 పౌర్ణమి కదా అంది. అప్పుడు వెలిగింది నాకు. ఏజెంటుకి ఫోన్ చేస్తే సార్ ఫుల్ మూన్‌లో హాన్లే సూపరుంటుంది, కొండలన్నీ వెండిలా మెరుస్తాయి, అడిగి మరీ ఆ డేట్లు తీసుకుంటారు అంటున్నాడు. నిజమేనా? అంత చీకటి ప్రదేశం అంటారు కదా, చందమామ ఉన్నా పాలపుంత ఎంతో కొంత కనపడదా?

అమీర్‌పేట్_ఆస్ట్రో · 20 ఆగస్టు
మీ ఏజెంటు అబద్ధం చెప్పలేదు. కొండలు వెండిలాగే ఉంటాయి, చుక్కలే ఉండవు.

మంకీక్యాప్_మూర్తి · 20 ఆగస్టు
హనీమూన్ అన్నాక మూన్ ఉండాలిగా బ్రో 😂

అమీర్‌పేట్_ఆస్ట్రో · 20 ఆగస్టు
సీరియస్‌గా చెప్తా. హాన్లే గొప్పతనమంతా చీకటే. ఊరి చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లు డార్క్ స్కై రిజర్వ్‌గా 2022 డిసెంబర్‌లో ప్రకటించారు, ఇళ్ళకి మందపాటి కర్టెన్లు, రాత్రిపూట బండి హైబీమ్ వెయ్యకూడదు, ఇన్ని రూల్స్ పెట్టి జనాన్ని ఒప్పించి ఆ చీకటిని కాపాడుకుంటున్నారు. మనుషులు వేసే లైట్లు ఆపగలరు గానీ చంద్రుణ్ణి ఆపలేరు కదా. పౌర్ణమి రాత్రి హాన్లే ఆకాశం మన ఘట్‌కేసర్ అవతల మామూలు రాత్రి ఆకాశం కంటే పెద్ద గొప్పగా ఏం ఉండదు. పైగా సెప్టెంబర్ 18ది సూపర్ మూన్, మామూలు పౌర్ణమి కంటే ఇంకా వెలుగు. డబ్బులు పెట్టి, ఊపిరాడని చోటికి పోయి, మేడ మీద కనిపించేదే చూసొస్తారు.

బామ్మగారి_మనవడు · 20 ఆగస్టు
అయితే డేట్లు మార్చుకోవాలి. కొత్త చంద్రుడు అక్టోబర్ 2. గాంధీ జయంతి సెలవు కూడా కలిసొస్తుంది.

గోదారి_గట్టు · 20 ఆగస్టు
@బామ్మగారి_మనవడు కొత్త చంద్రుడు అంటే అమావాస్యే కదండీ. మా అమ్మ అమావాస్యనాడు కూరగాయల బజారుకి కూడా పంపదు, లడఖ్ పంపిస్తుందా?

బామ్మగారి_మనవడు · 20 ఆగస్టు
అదీ మామూలు అమావాస్య కాదు, మహాలయ అమావాస్య. సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 2 దాకా మహాలయ పక్షాలు. మీ అమ్మగారికి నా సానుభూతి.

మద్రాసు_తెలుగోడు · 21 ఆగస్టు
మేం చెన్నైలో ఉంటాం, ఇక్కడ పక్కింటి తమిళవాళ్ళు అమావాస్య రోజు మంచిదని కొత్త బండి తెచ్చుకుంటారు, మా అమ్మ అదే రోజు గుమ్మం దాటదు. ఒకే చంద్రుడు, మధ్యలో ఒక కాంపౌండ్ వాల్.

పాలపుంత · 21 ఆగస్టు
అమావాస్యనాడు బయల్దేరమని ఎవరన్నారు? అమావాస్యనాడు *అక్కడ ఉండాలి* అంతే. ఎలాగూ లేహ్‌లో రెండు మూడు రోజులు కూర్చోవాలి కాబట్టి నాలుగైదు రోజుల ముందే బయల్దేరతారు. పంచాంగం తియ్యండి, సెప్టెంబర్ 27 శుక్రవారం బహుళ దశమి, 28 ఏకాదశి. దశమినాడు గుమ్మం దాటితే ఏ అత్తగారూ కాదనరు.

బామ్మగారి_మనవడు · 21 ఆగస్టు
వారశూల కూడా లేదు. ఉత్తరానికి మంగళ బుధవారాలు పనికిరావు, శుక్రవారం పడమరకే. మా బామ్మ దగ్గర కన్ఫర్మ్ చేసుకునే రాస్తున్నా.

జీతగాడు_99 · 21 ఆగస్టు
చుక్కలు చూడ్డానికి పంచాంగం అడ్డం అనుకున్నా ఇన్నాళ్ళూ, ఇక్కడ చూస్తే అదే ట్రిప్ ప్లానర్.

పాలపుంత · 21 ఆగస్టు
అదే మరి. పంచాంగం అంటేనే చంద్రుడి టైంటేబుల్. ఇంకో కిటుకు చెప్తా, కచ్చితంగా అమావాస్యే దొరక్కపోయినా బెంగ లేదు. పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యం అవుతూ పోతుంది, అష్టమి వచ్చేసరికి అర్ధరాత్రి దగ్గరికి జరుగుతుంది, అంటే బహుళ అష్టమి నుంచి సాయంత్రాలన్నీ మీవే. అమావాస్య దాటాక శుద్ధ చవితి పంచమి దాకా కూడా చంద్రుడు తొందరగా అస్తమిస్తాడు. అంటే నెలలో పన్నెండు పదమూడు రోజులు పర్లేదు. సరిగ్గా వదిలేయాల్సిన నాలుగు రోజుల్నే మీరు ఎంచుకున్నారు.

గోదారి_గట్టు · 21 ఆగస్టు
నేను ఎంచుకోలేదండీ, ఫ్లైటు చీప్‌గా ఉందని...

జీతగాడు_99 · 21 ఆగస్టు
ఎందుకు చీప్‌గా ఉందో అర్థమైందా ఇప్పుడు

అమీర్‌పేట్_ఆస్ట్రో · 21 ఆగస్టు
@జీతగాడు_99 ఎయిర్‌లైన్స్‌వాడు తిథి చూసి రేటు పెడతాడా ఏంటి 😀

సీలేరు_సుబ్బు · 22 ఆగస్టు
ఇంత గోల ఎందుకు. వంజంగి వెళ్ళండి, లంబసింగి వెళ్ళండి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం అద్దంలా ఉంటుంది, ఊపిరాడకపోవడం ఉండదు, పర్మిట్లు ఉండవు, పొద్దున్నే మేఘాల సముద్రం ఫ్రీ. మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడు కనిపించే పాలపుంత చాలు నాకు.

పాలపుంత · 22 ఆగస్టు
సుబ్బుగారితో సగం ఒప్పుకుంటా. నిజానికి పాలపుంత నడిబొడ్డు, ధనుస్సు వృశ్చికం వైపున్న మందపాటి భాగం, మన దగ్గరే ఇంకా ఎత్తులో కనిపిస్తుంది, హాన్లే ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ కిందికి ఉంటుంది. అగస్త్య నక్షత్రమైతే హాన్లేలో దిక్చక్రానికి నాలుగైదు డిగ్రీలు మించి లేవదు, కొండల వెనకే ఉండిపోతుంది. ధ్రువుడు మాత్రం హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తులో బిల్డింగుల మధ్య నక్కి ఉంటే అక్కడ 33 డిగ్రీల్లో దర్జాగా ఉంటాడు. కానీ హాన్లేకి ఉన్నదీ వంజంగికి లేనిదీ గాలి. ఊరే సుమారు 4,300 మీటర్ల ఎత్తు, దుమ్ము లేదు, తేమ లేదు. అబ్జర్వేటరీ ఉన్న కొండ 4,500. అందుకే అక్కడ రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ పెట్టి బెంగళూరు పక్కన హోసకోటె నుంచి శాటిలైట్ మీద తిప్పుతున్నారు. ఊరికే పెట్టరు కదా.

సీలేరు_సుబ్బు · 22 ఆగస్టు
సరే గానీ వంజంగిలో రాత్రి చలిమంట వేసుకోవచ్చు, అక్కడ అదీ కుదరదు, వెలుగు కదా. నా ఓటు మా కొండకే.

నైట్‌డ్యూటీ_నర్సు · 22 ఆగస్టు
అందరూ చంద్రుడి గురించే మాట్లాడుతున్నారు, మొదటి పోస్టులో "లేహ్‌లో ఒక రోజు" అని ఉంది అది ఎవరికీ కనపడలేదా? హైదరాబాద్ 500 మీటర్ల పైచిలుకు. గంటల్లో 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతారు. అక్కడ కనీసం రెండు రాత్రులు, వీలైతే మూడు, ఏమీ చెయ్యకుండా పడుకోవాలి. బజారుకి కూడా మెల్లగా నడవాలి. మందు వద్దు, నీళ్ళు తాగుతూ ఉండాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, నిద్ర పట్టకపోవడం మామూలుగా మొదలయ్యే లక్షణాలు, అవి తగ్గేదాకా ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం, తూలుతూ నడవడం, మాట తికమక, ఇవి వస్తే అర్ధరాత్రైనా సరే కిందికి దింపెయ్యాలి, పొద్దున్న చూద్దాం అనకూడదు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడ్డానికి వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ఇబ్బంది, ఫ్రెండ్ వేసుకున్నాడని మీరూ వేసుకోవద్దు.

చందానగర్_చిన్నా · 22 ఆగస్టు
నర్సుగారు చెప్పింది వినండి అన్నా. 2022లో మేం నలుగురం లేహ్‌లో దిగిన మధ్యాహ్నమే ఖర్దూంగ్ లా అనే ఎత్తైన కనుమకి వెళ్ళాం, జిమ్ముకెళ్ళే బాడీ నాకేంటి అని. పైన ఫోటో దిగాలని బోర్డు దగ్గర లైన్లో నిలబడ్డా, నా నంబర్ వచ్చేసరికి బోర్డు పట్టుకుని వాంతి చేసుకున్నా. అదే ఫోటో ఉంది మా దగ్గర. మా గ్రూపులో సిగరెట్లు తాగే బక్కోడికి ఏమీ కాలేదు.

నైట్‌డ్యూటీ_నర్సు · 22 ఆగస్టు
అవును ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. (సిగరెట్లు తాగమని కాదు.)

ఓరుగల్లు_పిల్ల · 23 ఆగస్టు
నేనే ఆ "మా ఆవిడ". లింక్ పంపిండు చదువుమని, పొద్దటి నుంచి చదువుతున్న. మొత్తం మా ఆయన చెప్పినట్టు లేదు కథ. ఏజెంటును పట్టుకొచ్చింది ఆయనే, ఫుల్ మూన్ అయితే ఫోటోలు మంచిగొస్తయ్ అన్నది కూడా ఆయనే. నాకు ఒక్కటే కోరిక ఉండె. పెండ్లిల పంతులు పట్టపగలు మండపం బయటికి తోల్కపోయి అదిగో అరుంధతి అన్నడు, ఈయన ఆఁ కనపడింది అన్నడు, నేను కూడ తల ఊపిన. షామియానా గుడ్డ తప్ప ఏం లేదు ఆడ. ఆ చుక్కను నిజంగ చూడాలె, అంతే. ఇగ అక్టోబర్ 2 అంటున్నరు కదా, ఆ రోజు ఎంగిలి పూల బతుకమ్మ! మా అమ్మ మూడేండ్ల నుంచి హన్మకొండకు రమ్మంటున్నది. ఆమెకు ఎవరు చెప్తరు?

మంకీక్యాప్_మూర్తి · 23 ఆగస్టు
ఒక అమావాస్య, ఇద్దరు అత్తగార్లు. పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

కరీంనగర్_కవిత · 23 ఆగస్టు
చెల్లీ సద్దుల బతుకమ్మకు వచ్చేస్తవు కదా, తొమ్మిది రోజులు ఉంటది పండుగ. 5న తిరిగొస్తే ఇంకా ఐదు రోజులు ఆడొచ్చు. ఎంగిలి పూలు ఆడనే నాలుగు పూలు పెట్టి ఆడు, ఫోటో పంపు మీ అమ్మకు.

పాలపుంత · 23 ఆగస్టు
@ఓరుగల్లు_పిల్ల అరుంధతి విషయంలో ముందే చెప్తున్నా, అక్టోబర్‌లో సప్తర్షి మండలం సాయంత్రం వాయవ్యంలో కిందికి దిగిపోతూ ఉంటుంది. 2వ తేదీ చీకటి పడగానే, ఏడున్నరకి, చూస్తే ఇరవై డిగ్రీల ఎత్తులో ఉంటుంది, చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, అలాంటివి రెండు పిడికిళ్ళు. భోజనం చేసొచ్చి చూద్దాం అంటే కొండ మింగేస్తుంది. గరిటె కాడలో చివర్నుంచి రెండోది వశిష్ఠుడు, దాన్ని అంటిపెట్టుకుని మసగ్గా అరుంధతి. తొమ్మిది దాటాక తూర్పున పిల్లలకోడి (కృత్తికలు) లేస్తుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది.

తిక్క_శాస్త్రి · 23 ఆగస్టు
అరుంధతి కనపడనివాడికి ఆయుష్షు మూడినట్టు అని పాత శ్లోకం ఉంది. జస్ట్ చెప్తున్నా.

ఓరుగల్లు_పిల్ల · 23 ఆగస్టు
అన్నా ఈ పోస్టు మా అత్తమ్మ చూడకుంటే చాలు

డెలావేర్_పంతులు · 24 ఆగస్టు
OCI కార్డు ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ థ్రెడ్ చూస్తే ఒక మాట, నేను పోయినేడాది ట్రై చేశా, పాంగాంగ్‌కి పర్మిట్ ఇచ్చారు గానీ హాన్లేకి విదేశీ పాస్‌పోర్ట్ అని ఇవ్వలేదు, బోర్డర్ దగ్గర కదా. మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టే, నువ్వు పో నేను లేహ్‌లో ఉంటా అన్నా, నిజంగానే పోయింది! వచ్చాక నెల రోజులు అదే చెప్పింది. ఇక్కడ మాకు పెన్సిల్వేనియాలో చెర్రీ స్ప్రింగ్స్ ఉంది, అక్కడ తెల్ల టార్చి వేస్తే జనం కొట్టినంత పని చేస్తారు. ఎర్ర లైటు తీసుకెళ్ళండి, లేదా టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం రెండు మడతలు వేసి రబ్బర్ బ్యాండ్ పెట్టండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

జీతగాడు_99 · 24 ఆగస్టు
నిజంగానే పోయిందా 😂😂

చందానగర్_చిన్నా · 24 ఆగస్టు
ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు అక్కడ, పోస్ట్‌పెయిడ్ ఉండాలి, ఇది రాయకపోతే తిడతారని రాస్తున్నా. లేహ్‌లోనే పర్మిట్ తీసుకుని నాలుగైదు జిరాక్సులు పెట్టుకోండి, చెక్‌పోస్టుల్లో ఒక్కోటి ఇస్తూ పోవాలి. క్యాష్ కూడా.

గోదారి_గట్టు · 26 ఆగస్టు
అయిపోయింది. టికెట్లు మార్చా, మనిషికి నాలుగు వేల చిల్లర ఎక్కువ పడింది. ఏజెంటు అడ్వాన్సు తిరిగివ్వనన్నాడు, డేట్లు మాత్రం మార్చాడు. కొత్త ప్లాన్: 27 సాయంత్రం ఢిల్లీ, 28 పొద్దున లేహ్, 28, 29 పడకే (నర్సుగారూ చూస్తున్నారా), 30న లికిర్ నుంచి యాంగ్‌థాంగ్, 1న హెమిస్ శుక్‌పాచన్ దాకా నడిచి అక్కణ్ణుంచి బండిలో లేహ్, 2, 3 రాత్రులు హాన్లే, 4న వెనక్కి, 5న ఇంటికి. అమ్మకి "దశమినాడు బయల్దేరుతున్నాం" అని మాత్రమే చెప్పా. మిగతాది అడగలేదు, చెప్పలేదు.

ట్రెక్కింగ్_తాతయ్య · 27 ఆగస్టు
షామ్‌లో ఇప్పుడు చాలా చోట్ల రోడ్డు పడింది, పాత కాలిబాట పట్టుకోండి, రోడ్డు మీద నడిస్తే దుమ్మే మిగులుతుంది. యాంగ్‌థాంగ్ నుంచి శుక్‌పాచన్‌కి మధ్యలో త్సెర్మాంగ్‌చెన్ లా అని సుమారు 3,900 మీటర్ల కనుమ, అదొక్కటే కాస్త ఎక్కుడు. హాన్లేకి పోయే ముందు ఆ ఎత్తు ఎక్కి దిగడం ఒంటికి మంచిదే. శుక్‌పా అంటే అక్కడి దేవదారు లాంటి చెట్టు, ఆ ఊళ్ళో ముసలి చెట్లు ఉంటాయి చూడండి. నాకు 64, రెండేళ్ళ క్రితం ఇదే దారి నడిచా. మోకాళ్ళు ఎక్కేటప్పుడు కాదు దిగేటప్పుడు ఏడుస్తాయి, చేతికర్ర తీసుకోండి.

మంకీక్యాప్_మూర్తి · 27 ఆగస్టు
ఎవరూ అడగలేదు కానీ మంకీ క్యాప్ తప్పనిసరి.

అమీర్‌పేట్_ఆస్ట్రో · 28 సెప్టెంబర్
వాళ్ళు ఈపాటికి లేహ్‌లో దిగుంటారు. చూస్తే బాగుండు, తోకచుక్క వచ్చింది! త్సుచిన్‌షాన్-అట్లాస్. రోజూ తెల్లారే ముందు తూర్పున బాగా కిందికి కనిపిస్తుంది. @గోదారి_గట్టు 3వ తేదీ పొద్దున ఐదింటికి లేవండి, తూర్పు కొండ అంచు మీద కళ్ళు పెట్టండి. హైదరాబాద్‌లో నాకు మబ్బులు.

ఓరుగల్లు_పిల్ల · 8 అక్టోబర్
వచ్చినం. అన్నీ నేనే రాస్త, ఆయన రాస్తే ఫోటో సెట్టింగులు రాస్తడు.

లేహ్‌ల మొదటి రోజు నాకు ఏం కాలే, ఆయనకు తలనొప్పి. రెండు రోజులు పండుకున్నడు, ఓనరమ్మ వెల్లుల్లి సూప్ ఇచ్చింది, మా అత్తమ్మ కట్టిచ్చిన కరివేపాకు పొడితోని తిన్నడు. నడక మంచిగున్నది, తాతయ్యగారు చెప్పిన కనుమ మీద జెండాలు, గాలి, ఇంక ఒక్క మనిషి లేడు. నాలుగు అడుగులు వేసుడు ఆగుడు, నాలుగు అడుగులు వేసుడు ఆగుడు. ఈయన మాటలు బంద్ అయినయ్, పెండ్లయినంక మొదటిసారి.

హాన్లేకు 2న పొద్దున ఆరింటికి బయల్దేరితే సింధు నది పొంటి చుమాథాంగ్, మాహే, లోమా మీంగ పోయి మూడు దాటినంక చేరినం. చుమాథాంగ్‌ల నది ఒడ్డుకే ఉడుకు నీళ్ళ బుగ్గలు, ఆడనే మ్యాగీ తిన్నం. హోంస్టే ఒక అక్క ఇల్లు. పట్టుకపోయిన బియ్యం వండుకుందమంటే ఎంతకూ ఉడకలే. నీళ్ళు 86 డిగ్రీల కాడనే మసులుతయట ఆ ఎత్తుల, ఆమె నవ్వి కుక్కర్ల పెట్టింది. బాత్రూం అంటే ఒక గది, నేలకు సందు, పక్కన మట్టి కుప్ప, పార. రాత్రి పోవాలంటే ఎర్ర టార్చి.

బతుకమ్మకు పూలు యాడివి? ఇంటి ముంగట డబ్బాల పెంచుకున్న బంతి పూలు మూడు ఇచ్చింది అక్క. స్టీలు ప్లేట్ల పెట్టి, పసుపు లేదు, సాంబారు పొడి చిటికెడు వేసిన (అమ్మకు చెప్పొద్దు). నేను ఒక్కదాన్నే తిరిగిన, రెండు చుట్లకే ఆయాసం, అక్క బిడ్డ నా కొంగు పట్టుకొని నా ఎనుక తిరిగింది.

ఓరుగల్లు_పిల్ల · 8 అక్టోబర్
రాసుడు పెద్దగైంది, ఇంకో పోస్టు. ఆ ఊర్ల పాతికమంది దాకా ట్రైనింగ్ తీసుకున్నోళ్ళు ఉన్నరు, ఆస్ట్రానమీ అంబాసిడర్లు అంటరు, ఒక్కొక్కల దగ్గర ఎనిమిదంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్. మాకు దొరికినామె నా కంటె చిన్నది, గొంగడి లాంటిది కప్పుకొని వచ్చింది. ముందుగాల ఏం చూస్తరు అంటే అరుంధతి అన్న. ఆమెకు ఆ పేరు తెల్వదు, నేను చెయ్యి పెట్టి చూపించిన. ఓ మిజార్, ఆల్కార్ అన్నది. ముందు టెలిస్కోప్ లేకుంట చూడున్రి, పాతకాలంల సిపాయిలకు కంటి పరీక్ష ఇదే పెట్టేటోళ్ళట అన్నది. నేను చూసిన. రెండు. స్పష్టంగ రెండు. ఒకటి పెద్దది, పక్కన అంటుకొని సన్నది. మూడేండ్ల కింద షామియానా కింద తలూపినందుకు ఇప్పుడు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, ఆ చలికి కావచ్చు అనుకున్నరు వాళ్ళు.

ఈయన చూసిండు. ఒక్కటే ఉంది అన్నడు.

మంకీక్యాప్_మూర్తి · 8 అక్టోబర్
అయ్యో

తిక్క_శాస్త్రి · 8 అక్టోబర్
నేను ముందే చెప్పా...

గోదారి_గట్టు · 8 అక్టోబర్
శాస్త్రిగారూ మీరు ఆగండి. చలికి కళ్ళజోడు మీద ఊపిరి పట్టి మసకబారింది, అంతకుమించి ఏం లేదు. టెలిస్కోప్‌లో చక్కగా కనపడింది. శని కూడా చూశా, వలయం సన్నటి గీతలా ఉంది, పక్కకి తిరిగే రోజులట ఇవి, వచ్చే ఏడాది దాదాపు కనపడకుండా పోతుందట. మా ఆవిడ చెప్పనిది నేను చెప్తా. గైడ్ అమ్మాయి వెళ్ళిపోయాక పదిన్నరకి చాప పరిచి పడుకున్నాం మేడ మీద. ఏం చూడాలో తెలీదు, అన్నీ ఉన్నాయి. సప్తర్షుల్ని పుస్తకంలో గుర్తుపట్టేవాణ్ణి, ఇక్కడ మధ్యలో ఖాళీ లేకుండా ఇన్ని చుక్కలుంటే బొమ్మలు గుర్తుపట్టడమే కష్టం. పాలపుంత నల్ల చీలికతో సహా నైరుతిలో దిగుతోంది, నేను మబ్బు అనుకుని అయ్యో మబ్బు పట్టింది అన్నా. మా ఆవిడ అది మబ్బు కాదు అది నువ్వు డబ్బులు పెట్టి చూడ్డానికొచ్చింది అంది.

పాలపుంత · 8 అక్టోబర్
ఆ మబ్బు మాట నేనూ అన్నా మొదటిసారి. నా హ్యాండిల్ అక్కణ్ణుంచే వచ్చింది.

అమీర్‌పేట్_ఆస్ట్రో · 8 అక్టోబర్
తోకచుక్క?? అది చెప్పకుండా ఇంకేవో చెప్తున్నారు

ఓరుగల్లు_పిల్ల · 8 అక్టోబర్
మీ మెసేజ్ లేహ్‌లనే చూసినం అన్నా, థాంక్స్. 3న పొద్దుగాల అలారం కొట్టింది, ఈయన రజాయిల కెల్లి చెయ్యి ఒక్కటి బయటికి తీసి బంద్ చేసి మళ్ళ పండుకున్నడు. నేను పోయిన. బకెట్ల నీళ్ళ మీద గడ్డ కట్టింది, గోటితోని కొడితే టక్ టక్ అంటున్నది. ఐదుంబావుకు తూర్పు కొండ మీద తెల్లబడుతున్నది, దాని పైన దూదిపోగు తీరు నిలువుగ, కొన మీదికి. ఫోన్ల సరిగ్గ రాలే, బ్యాటరీ చలికి 60 నుంచి ఒక్కసారి 4కు పడ్డది. పది నిమిషాలు చూసిన, తర్వాత వెలుగొచ్చి కరిగిపోయింది. ఆయనను లేపిన, లేపలేదని చెప్తడు, లేపిన.

గోదారి_గట్టు · 8 అక్టోబర్
లేపలేదు.

డెలావేర్_పంతులు · 9 అక్టోబర్
మా ఇంటి కేసు లాగే ఉంది ఇది, ఇంకో నెల వింటారు మీరు. అన్నట్టు ఆ తోకచుక్క 12 తర్వాత సాయంత్రం పడమర వైపు వస్తుంది, మీ ఆయనకి ఇంకో ఛాన్సు ఉంది.

ఈసీఐఎల్_క్వార్టర్స్ · 9 అక్టోబర్
అక్కడ పెద్ద అద్దాల డిష్ చూశారా? 21 మీటర్లది, మేస్ అంటారు, గామా కిరణాలు పట్టడానికి, నక్షత్రాల ఫోటోలకి కాదు. భాభా అణుకేంద్రం వాళ్ళది, తయారైంది మాత్రం మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. మొన్న 4నే ప్రారంభం చేశారు. మా నాన్న రిటైరయ్యారు అక్కడే, టీవీలో చూసి నేను బిగించిన బోల్టులు దాంట్లో ఉన్నాయేమో అంటున్నారు. ఆయన పనిచేసింది టీవీల డివిజన్లో 😀

గోదారి_గట్టు · 9 అక్టోబర్
అవునా! 4న పొద్దున మేం దిగుతుంటే గవర్నమెంట్ బళ్ళు వరసగా ఎదురొచ్చాయి, మా డ్రైవర్ జూలే జూలే (అక్కడి నమస్కారం) అంటూ పక్కకి ఆపి దారిచ్చాడు. ఎవరో మంత్రి అనుకున్నాం. ముందురోజు దూరం నుంచి చూశాం ఆ డిష్‌ని, ఎండకి ఒక్కో అద్దం ఒక్కో రకంగా మెరుస్తోంది. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్‌లో పదేళ్ళు బస్సెక్కా నేను, తెలీలేదు చూడండి.

నైట్‌డ్యూటీ_నర్సు · 9 అక్టోబర్
తలనొప్పి రెండు రోజుల్లో తగ్గాకే పైకి వెళ్ళారు, అది చాలు నాకు. ఆ కళ్ళు మాత్రం ఒకసారి చూపించండి.

గోదారి_గట్టు · 21 అక్టోబర్
చూపించా. కుడి కంటికి 1.25 ఉండేది, 2 అయింది. రెండేళ్ళుగా పవర్ మార్చలేదు. డాక్టరు ఎలా డౌటొచ్చింది అని అడిగితే అరుంధతి కనపడలేదు అన్నా, ఆయన పెన్ను పక్కన పెట్టి మొత్తం కథ చెప్పించుకున్నాడు, బయట పన్నెండు మంది పేషెంట్లు.

తిక్క_శాస్త్రి · 21 అక్టోబర్
ఆయుష్షు కాదన్నమాట, అద్దాలు.

ఓరుగల్లు_పిల్ల · 21 అక్టోబర్
కొత్త అద్దాలు పెట్టుకొని నిన్న మేడ ఎక్కి అరుంధతి యాడ ఉందో చూపియ్ అంటున్నడు

పాలపుంత · 21 అక్టోబర్
ఇప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రం సప్తర్షులు ఉండరు. మార్చి, ఏప్రిల్‌లో రాత్రి ఎనిమిది తొమ్మిదింటికి ఈశాన్యం నుంచి పైకొస్తారు. జపాల్ రంగాపూర్ వైపు వెళ్ళండి, ఉస్మానియావాళ్ళ పాత అబ్జర్వేటరీ ఉంది, 1980 సంపూర్ణ సూర్యగ్రహణం అక్కణ్ణుంచే చూశారు. సిటీ లైట్లు అటూ వచ్చేశాయి గానీ అరుంధతికి ఆ చీకటి చాలు. చంద్రుడు లేని రోజు చూసుకోండి.

గోదారి_గట్టు · 21 అక్టోబర్
అంటే ఏప్రిల్‌లో అమావాస్యనాడు. బండి మీద గంటన్నర. పోదాం అన్నా.

ఓరుగల్లు_పిల్ల · 21 అక్టోబర్
పోదాం. మీ అమ్మకు ఈసారి నువ్వే చెప్పు.